మోకాలి గుజ్జు, దాని కింది ఎముక

(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడూ ఈ సభలో నాకు చదువుల గురించి మాట్లాడే పని అప్పగిస్తారు. ఈసారి కార్యదర్శిగారు, "మేష్టారూ, పిల్లల మార్కుల సంగతి ఎప్పుడూ వింటూనే ఉన్నాం, ఈ ఏడు ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. నేను డాక్టరును కానండీ, ఉర్దూ మీడియం బడిలో పిల్లలకు సైన్సు చెప్పుకొనేవాణ్ణి అని మనవి చేశాను. "అందుకే మిమ్మల్ని అడుగుతున్నాం, డాక్టరుగారు చెబితే మాకర్థం కాదు" అన్నారాయన. కాబట్టి ఈ మాటల్లో తప్పులుంటే నావి, తెలిసిన డాక్టర్లు సభలో ఉంటే దిద్దవలసిందిగా కోరుతున్నాను.

మన మసీదులో వెనుక వరసలోని కుర్చీలు మీరందరూ చూస్తూనే ఉన్నారు. నా చిన్నతనంలో ఒక్క కుర్చీ కూడా ఉండేది కాదు. బాగా ముసలివారు ఒకరిద్దరు గోడకు చేరబడి కూర్చుని చదువుకొనేవారు. మొన్న జుమా నాడు ఊరికే లెక్కపెట్టాను, పద్నాలుగు కుర్చీలున్నాయి. అందులో నాకంటే చిన్నవారు ముగ్గురు! ఇక ఆడవాళ్ళ సంగతి మసీదులో కనబడదు గాని, ఇళ్ళల్లో అంతకంటే ఎక్కువగా ఉంది. ఈ జబ్బు మగవారికంటే ఆడవారికే, అందులోనూ యాభై దాటినవారికే జాస్తి. మన దేశంలో 5 ప్రాంతాల్లో 40 ఏళ్ళు దాటినవారిని పరీక్షించి 2016లో ప్రకటించిన ఒక లెక్క ప్రకారం, 100 మందిలో దాదాపు 29 మందికి మోకాలి కీలు అరుగుదల ఉంది. దీన్నే డాక్టర్లు ఆస్టియో ఆర్థ్రయిటిస్ అంటారు. మన హకీములు వజావుల్ మఫాసిల్ అనే పెద్దమాటలో కీళ్ళనొప్పులన్నిటినీ కలిపి చెబుతారు. ఇళ్ళల్లో మనం గఠియా అంటాం. మన గోదావరి జిల్లాల్లో ఏ ఆసుపత్రి వరండాలో నిలబడినా వినబడే మాట మాత్రం ఒకటే - "గుజ్జు అరిగిపోయింది."

ఈ గుజ్జు అన్న మాట గురించే నేను ఈవేళ మాట్లాడదలచుకొన్నాను. ఈ ఒక్క మాట మా ఇంట్లో ఏడాదిన్నర కాలం పాడుచేసింది గనుక.

మా అమ్మీకి అరవై ఆరో ఏట మోకాళ్ళ నొప్పులు మొదలైనాయి. ఎక్సరే తీయించాం. చూసిన డాక్టరుగారు, పేరు అనవసరం, ఎక్సరే పైకెత్తి వెలుగులో చూసి, "గుజ్జు అరిగిపోయిందమ్మా, ఎముకా ఎముకా రాసుకుంటోంది, ఇక ఎక్కువగా కదలకండి" అన్నారు. అంతే. అమ్మీ ఆ మాటను ఫత్వాలాగ పట్టుకొన్నది. బండి చక్రం బేరింగు అరిగితే బండి తిప్పడం మానేస్తాం గదా, అట్లాగే కాలు తిప్పడం మానేసింది. మంచం దగ్గరికే భోజనం, మంచం దగ్గరే వుజూ. ఆర్నెల్లు తిరిగేసరికి తొడలు సన్నబడ్డాయి, ఒళ్ళు మాత్రం పెరిగింది. నొప్పి తగ్గిందా అంటే రెట్టింపయింది. "కదలకుండా ఉన్నా అరుగుతోందేమిరా బేటా?" అని ఒక రాత్రి అడిగింది. నా దగ్గర జవాబు లేకపోయింది. పిల్లలకు సైన్సు చెప్పేవాణ్ణి, నా తల్లి మోకాలి గురించి నాకే తెలియదు. ఆ సిగ్గుతోనే చదవడం మొదలుపెట్టాను.

మోకాలి దగ్గర రెండు పెద్ద ఎముకలు కలుస్తాయి, ముందు చిప్ప ఉంటుంది. ఎముకల కొసల మీద తెల్లగా, నున్నగా ఒక పొర. మృదులాస్థి అని పాఠ్యపుస్తకాల్లో రాస్తాం, అదే మన గుజ్జు. నిజానికి అది గుజ్జులాగ మెత్తగా జారేది కాదు, గట్టి రబ్బరులాగ ఉంటుంది. మోకాల్లో చాలాచోట్ల దాని మందం 2 నుంచి 4 మిల్లీమీటర్లు. అందులో మూడు వంతులు నీళ్ళే. ఆ నీటిని పట్టి ఉంచే జిగురు పదార్థం, దాన్ని కట్టి ఉంచే కొలాజెన్ పోగులు, వాటి మధ్య అక్కడక్కడ కొద్దిపాటి జీవకణాలు - ఇదీ దాని నిర్మాణం. విచిత్రమేమిటంటే అందులో రక్తనాళాలు లేవు, నరాలు లేవు. మరి తిండి ఎలా? కీలు సంచిలో పలచని జిగురు నీరుంటుంది. అడుగు వేసినప్పుడు గుజ్జు స్పంజిలాగ నొక్కుకొని నీరు బయటికి వస్తుంది, అడుగు తీసినప్పుడు మళ్ళీ పీల్చుకొంటుంది. ఆ పీల్చుకోవడంలోనే దాని ఆహారం. మంచం మీద పడి ఉన్న మోకాలికి ఆ స్పంజి నొక్కేవాడెవడు? అమ్మీ ప్రశ్నకు మొదటి సగం జవాబు ఇక్కడే దొరికింది.

1743లోనే విలియం హంటర్ అనే వైద్యుడు లండన్ రాయల్ సొసైటీవారికి సమర్పించిన వ్యాసంలో, కీలు గుజ్జు ఒకసారి చెడితే తిరిగి బాగుపడదని రాశాడు. ఆ మాట ఇప్పటికీ చాలావరకు నిలిచే ఉంది. ఆ తరువాత రెండు వందల ఏళ్ళకు పైగా అందరి చూపూ గుజ్జు మీదనే. 1972లో ఎరిక్ రాడిన్ అనే అమెరికన్ డాక్టరు, ఆయన సహచరులు లాన్సెట్ పత్రికలో వేరొక మాట అన్నారు. గుజ్జు పలచని పొర, దెబ్బను కాచుకొనేది దాని కింది ఎముక. ముందు ఆ ఎముక గట్టిపడి బిరుసెక్కితే, ఆ దెబ్బలన్నీ పైనున్న గుజ్జు మీద పడతాయేమో ఆలోచించండి అన్నారు. పునాది చెడితే పైన గచ్చు పగులుతుందని మన తాపీమేస్త్రీలకు ఎవరూ చెప్పనక్కరలేదు. కాని డాక్టర్లు ఈ మాటను పూర్తిగా పట్టించుకోవడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. కారణం, ఎముకను మనమంతా ప్రాణం లేని గుంజలాగ చూడడమే.

ఎముక గుంజ కాదని మన తెలుగువాళ్ళకు ఒక చేదు అనుభవం ఉంది. అప్పటి నెల్లూరు జిల్లాలో, తరువాత ప్రకాశం జిల్లాలో చేరిన దర్శి, పొదిలి వైపు, నీళ్ళలోని ఫ్లోరైడు వల్ల వెన్ను, కీళ్ళు బిగిసిపోయిన మనుషులను గురించి 1937లో వైద్య పత్రికలో రాశారు. మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి మొదటి వార్త అదే. నల్గొండ గోడు మీకు తెలిసిందే. నీళ్ళలోని ఉప్పు ఎముకలోని కణాలను తప్పుదారి పట్టిస్తే ఎముక గట్టిపడింది, దానితోబాటు కీళ్ళూ పోయాయి. గోదావరి నీళ్ళు తాగే మనకు ఆ బాధ అల్లాహ్ తప్పించాడు. కాని మన ఎముకల్లోనూ కణాలున్నాయి, అవీ దారి తప్పుతాయి.

ఆ కణాలు మూడు రకాలు. పాత ఎముకను కరిగించేవి కొన్ని, కొత్త ఎముక కట్టేవి కొన్ని. ఈ రెండింటి పని వల్ల ప్రతి ఏడూ మన అస్థిపంజరంలో దాదాపు పదోవంతు కొత్తదవుతుంది. మూడోవి ఆస్టియోసైట్లు. ఇవి ఎముక లోపలే, గట్టి రాయిలాంటి పదార్థంలో, చిన్న చిన్న గదుల్లో కూర్చుని ఉంటాయి. ఎముక కణాల్లో నూటికి తొంభై పైగా ఇవే. ఒక పెద్దమనిషి ఒంట్లో వీటి సంఖ్య సుమారు 4,200 కోట్లని 2015లో లెక్క వేశారు. చాలాకాలం ఇవి కట్టడం పని అయిపోయాక సమాధి అయిపోయిన కణాలనీ, పనిలేనివనీ అనుకొన్నారు. నా విద్యార్థులకు నేనూ అలాగే చెప్పాను, అల్లాహ్ క్షమించుగాక.

వీటి పని ఏమిటో చెప్పాలంటే నాకు మన కాలువలకంటే మంచి ఉపమానం దొరకలేదు. ధవళేశ్వరం దగ్గర 1852లో ఆనకట్ట పూర్తయింది. ఆనకట్ట ఒక్కటే కడితే డెల్టా పండిందా? అక్కడినుంచి పెద్ద కాలువలు, వాటినుంచి చిన్న కాలువలు, వాటినుంచి పంటబోదెలు, ఆఖరికి శివారు చేలదాకా నీళ్ళు వెళ్ళాలి. కాలువ గట్టుమీద లస్కరు తిరుగుతూ నీటిమట్టం చూస్తాడు, ఎక్కడ గండి పడేట్టుందో పైకి కబురు పెడతాడు. సరిగ్గా అట్లాగే ప్రతి ఆస్టియోసైటు గదినుంచీ వెంట్రుకకంటే ఎన్నో రెట్లు సన్నని కాలువలు నాలుగు దిక్కులా పోయి పక్క కణాల గదులను కలుస్తాయి. వాటిలో నీరుంటుంది. మనం అడుగు వేసినప్పుడు ఎముక కంటికి కనబడనంత కొద్దిగా వంగుతుంది. ఆ వంపుకు కాలువల్లో నీరు కదులుతుంది. ఆ కదలికను కణం పసిగడుతుంది. ఇక్కడ బరువు ఎక్కువ పడుతోంది, ఇంకాస్త ఎముక కట్టండి, అక్కడ పని లేదు, కరిగించండి అని రసాయనాల ద్వారా కబుర్లు పంపుతుంది. అంతరిక్షంలో ఉండే వ్యోమగాములకు బరువు తెలియదు గనుక కాళ్ళ, తుంటి ఎముకల్లో నెలకు నూటికి 1 నుంచి 1.5 వంతు పోతుంది. మంచం పట్టినవారికి జరిగేదీ ఆ జాతిదే. నడక మానిన అమ్మీ ఒంట్లో లస్కరుకు కబురు పంపడానికి సమాచారమే లేకుండా పోయిందన్నమాట.

ఈ కబుర్లలో ఒకటి మన ఊళ్ళవాడు కనిపెట్టినదే. భీమవరంలో 1895 జనవరి 12న పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు. రాజమండ్రిలో చదువుకొని, కష్టాలమీద కష్టాలు పడి, మెట్రిక్యులేషన్ మూడోసారికి మద్రాసులో గట్టెక్కారు. (ఒకసారి తప్పితే పిల్లవాణ్ణి దుకాణంలో కూర్చోబెట్టే తండ్రులు ఈ మూడోసారి అన్నమాటను కాస్త గమనించాలి.) 1923లో అమెరికా వెళ్ళి, హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలో భాస్వరం కొలిచే పద్ధతి 1925లో ప్రకటించారు. ఎముక అంటేనే కాల్షియం, భాస్వరం గదా. 1929లో ఏ.టి.పి. అనే పదార్థాన్ని వారిద్దరూ గుర్తించారు. జర్మనీలో లోమాన్ కూడా అదే సమయంలో గుర్తించాడు. కండరం పనిచేయడానికి చమురులాంటిది అని బడిలో చెబుతాం. అయితే అదే ఏ.టి.పి.ని ఆస్టియోసైట్లు కబురు పంపడానికీ వాడతాయి. ప్రయోగశాలలో ఆ కణాల మీదుగా నీటిని పారించితే అవి ఏ.టి.పి.ని బయటికి వదలుతాయి, పక్క కణాలు అందుకొంటాయి. ఈ సంగతి ఆయన పోయిన ఎన్నో ఏళ్ళకు తెలిసింది. 1948లో ఆయన కాలధర్మం చేశారు. ఆయన నడిపిన లెడర్లీ ప్రయోగశాలలో పుట్టిన మెథోట్రెక్సేట్ అనే మందు ఈనాడు వేరొక కీళ్ళ జబ్బుకు, రుమటాయిడ్‌కు, ప్రధానమైన మందు. ఆ జబ్బు వేరు, మనం మాట్లాడుకొనేది వేరు. పొద్దున లేవగానే వేళ్ళ కణుపులు బిగిసి గంటకు పైగా వదలకపోతే, కణుపులు వాస్తే, అది అరుగుదల కాకపోవచ్చు. ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి. అరుగుదలలో పొద్దుటి బిగువు సాధారణంగా అరగంటలోపు సడలుతుంది.

మళ్ళీ కాలువల దగ్గరికి వద్దాం. వేసవిలో మన కాలువలు కట్టేసి పూడిక తీస్తారు, గుర్రపుడెక్క లాగేస్తారు. తీయని ఏడు శివారు రైతు ఏమంటాడో మీకు తెలుసు. ఆస్టియోసైట్లు కూడా తమ కాలువల గోడలను తామే గీకి, తామే మళ్ళీ పూసుకొని బాగుచేసుకొంటాయి. ఆ గీకే పనిముట్లలో ఒకటి ఎం.ఎం.పి.-13 అనే ఎంజైము. శాన్ ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంవారు ఆపరేషనులో తీసేసిన మోకాళ్ళ ఎముకలను సూక్ష్మదర్శిని కింద చూశారు. గుజ్జు అరిగినచోట, దాని కింది ఎముకలో ఈ కాలువలు కురచబడి, చిందరవందరగా, పూడినట్లు కనబడ్డాయి. అయితే ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. గుజ్జు పోయినందువల్ల కాలువలు చెడ్డాయా, కాలువలు చెడినందువల్ల గుజ్జు పోయిందా? ఇది తేల్చడానికి వారు చిట్టెలుకల్లో ఆస్టియోసైట్లకు మాత్రమే ఆ పనిముట్టు లేకుండా చేశారు. గుజ్జు జోలికి పోలేదు. అయినా ఎముక కాలువలు పాడయి, పైనున్న గుజ్జులో అరుగుదల లక్షణాలు వచ్చాయి. 2019లో ప్రకటించారు. నేనది చదివి చాలాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. పైపొర అరగడానికి కింది లస్కరు పని మానడం కూడా ఒక కారణం కాగలదన్నమాట.

ఈ పూడిక తీసే పనికి ఆజ్ఞ ఇచ్చేది టి.జి.ఎఫ్.-బీటా అనే మరొక కబురు. ఆస్టియోసైట్లకు ఆ కబురు అందకుండా చేసి చూస్తే, బరువు పడినప్పుడు ఎముకా, గుజ్జూ రెండూ సరిగా సర్దుకోలేకపోయాయని అదే బృందం 2021లో చెప్పింది. అయితే ఆ కబురును మందుగా పోస్తే సరిపోతుందిగా అనుకొంటారేమో. అక్కడే చిక్కు. 2013లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంవారు దీనికి ఎదురుగా ఉన్న సంగతి చూపించారు. మోకాలి బంధనం తెగిన చిట్టెలుకల్లో గుజ్జు కింది ఎముకలో ఈ టి.జి.ఎఫ్.-బీటా అతిగా పెరిగి, ఎముక అస్తవ్యస్తంగా కట్టుకొని, గుజ్జు చెడింది. అక్కడ దాన్ని అడ్డుకొంటే నష్టం తగ్గింది. నీళ్ళు అందక శివారు చేను ఎండుతుంది, ముంచెత్తితే మురుగు లాగక పల్లపు చేను కుళ్ళుతుంది. డెల్టాలో పుట్టినవాడికి ఇందులో ఆశ్చర్యపడవలసింది లేదు. కాని మందు తయారుచేసేవాడికి ఎంత కష్టమో ఊహించుకోండి. ఒకే కబురు ఒకచోట కావాలి, ఒకచోట వద్దు.

నొప్పి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. గుజ్జులో నరాలు లేవన్నాను. మరి నొప్పి ఎక్కడిది? ఎముకలో నరాలున్నాయి, కీలు సంచి పొరలో ఉన్నాయి. 2001లో అమెరికాలో కొందరు రోగులకు ఎం.ఆర్.ఐ. తీసి చూస్తే, నొప్పి ఉన్న మోకాళ్ళలో గుజ్జు కింది ఎముకలో దెబ్బతిన్న మచ్చలు ఎక్కువగా కనబడ్డాయి. అందుకే ఎక్సరేలో బాగా అరిగినట్లున్నా హాయిగా నడిచేవారున్నారు, కొద్దిగా అరిగినా నిద్రపట్టనివారున్నారు. ఎక్సరే చూసి బెంగపెట్టుకోవద్దని నేననేది ఇందుకే.

ఇంత తెలిసింది గదా, మందు ఏదని అడుగుతారు. నిజం చెప్పాలి. అరిగిన గుజ్జును తిరిగి మొలిపించే మందు ఈరోజుకు లేదు. ఉందని చెప్పి డబ్బాలు అమ్మేవాడిని నమ్మకండి. ఎముకను కాపాడే జోలెడ్రోనిక్ ఆసిడ్ అనే ఇంజెక్షను గుజ్జునూ కాపాడుతుందేమోనని ఆస్ట్రేలియాలో 223 మందికి రెండేళ్ళు పరీక్షించి చూశారు. 2020లో ఫలితం వచ్చింది, గుజ్జు తగ్గడం ఆగలేదు. వెతుకులాట ఆగలేదు గాని, మన మోకాళ్ళు అందాకా ఆగవు.

ఈ సందులోనే మోసగాళ్ళు దూరుతారు. మా అమ్మీకి ఎవరో చెప్పగా సైకిలు మీద వచ్చేవాడి దగ్గర పొట్లాలు కొన్నది, నాకు చెప్పకుండా. నాలుగు రోజుల్లో నొప్పి మాయం! పొరుగు ఖాలా కూడా కొన్నది. మూడు నెలలకు అమ్మీ మొహం గుండ్రంగా ఉబ్బింది, షుగరు పెరిగింది. రెండో డాక్టరుగారు చూసి, ఇది స్టెరాయిడు కలిపిన పొడి వాడినవారి వాలకమన్నారు. స్టెరాయిడు చెడ్డ మందు కాదు, డాక్టరు చేతిలో ప్రాణాలు నిలబెడుతుంది. లెక్కలేకుండా నెలల తరబడి మింగితే మాత్రం ఆస్టియోసైట్లు చచ్చిపోతాయి, వాటి కాలువలు పూడిపోతాయి, ఎముక పెళుసెక్కుతుంది, తుంటి ఎముక తల కుళ్ళిపోయే ప్రమాదమూ ఉంది. నొప్పి తెలియకుండా చేసి లస్కరునే చంపేసిందన్నమాట ఆ పొడి. ఇంకొక ముఖ్యమైన సంగతి. అటువంటి పొట్లాలు మీ ఇంట్లో ఎవరైనా చాలాకాలంగా వాడుతుంటే ఈ రాత్రికి రాత్రే మాన్పించకండి. ఒక్కసారిగా మానితే ప్రాణానికే ముప్పు రావచ్చు. పొట్లంతో సహా డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళండి, ఆయన మెల్లగా తగ్గిస్తారు.

ఆ రెండో డాక్టరుగారే అమ్మీని ఫిజియోథెరపీకి పంపారు. కుర్చీలో కూర్చుని ఒక కాలు చాపి, తొడ బిగించి, అయిదు లెక్కపెట్టి దించడం. ఒక్కొక్క కాలికి పదిసార్లు, రోజుకు మూడు పూటలు. ఇంతేనా అని అమ్మీకి నిరాశ, నాకూ నిరాశే. ఇంజెక్షను లేదు, టానిక్కు లేదు! పదిహేను రోజులు తిట్టుకొంటూ చేసింది. రెండో నెలలో వరండాలో నడక. నాలుగో నెలలో అసర్ తరువాత కాలువ గట్టుమీద నా చెయ్యి పట్టుకొని లాకుల దాకా. కొద్దిగా నొప్పి ఉంటుంది, మర్నాటికి తగ్గితే భయం లేదు, వాపు వచ్చినా రెండు రోజులు తగ్గకపోయినా కొంచెం వెనక్కి తగ్గండి అని ఆ అమ్మాయి చెప్పిన లెక్క మాకు బాగా పనికివచ్చింది. ఒకవేళ మోకాలు ఎర్రబడి, వేడెక్కి, జ్వరం వస్తే అది వేరే జబ్బు, వెంటనే ఆసుపత్రికి.

బరువు గురించి చెబితే మనవాళ్ళు నవ్వుతారు, ముఖ్యంగా వలీమాల సీజనులో. ఒంటి బరువు ఒక కిలో తగ్గితే ప్రతి అడుగులోనూ మోకాలి మీద పడే భారం సుమారు నాలుగు కిలోలు తగ్గుతుందని 2005లో కొలిచి చెప్పారు. రోజుకు ఎన్ని వేల అడుగులు వేస్తామో గుణించి చూసుకోండి, పలావు రెండో వడ్డన సంగతి మీరే తేల్చుకోండి. ఇంటిపట్టున ఉండే మన ఆడవాళ్ళకు ఎండ తగలక విటమిన్ డి కొరత వస్తుంది, అదీ ఎముకకు చేటే. మేడమీద, పెరట్లో కాసేపు ఎండలో కూర్చునే వీలు వారికి కల్పించడం మగవాళ్ళ పని. అలాగే గంటల తరబడి గొంతుక్కూర్చుని అంట్లు తోమడం, బట్టలుతకడం మోకాలికి మంచిది కాదు. ఒక ఎత్తుపీట కొంటే ఎంతవుతుంది? మనకు సెల్‌ఫోన్లు కొనడానికి డబ్బుంటుంది, అమ్మకు పీట కొనడానికి గుర్తుండదు. అన్నీ చేసినా ఆఖరి దశ వచ్చినవారికి కీలు మార్పిడి ఆపరేషను ఉంది. దానికి భయపడి పదేళ్ళు మంచం పట్టనక్కరలేదు.

ఇక కుర్చీల సంగతి. అందుకు గదా మొదలుపెట్టాను. నిలబడలేనివారికి కూర్చుని, కూర్చోలేనివారికి పడుకొని నమాజు చేసే అనుమతి మన దీన్‌లో ఉంది. ఎవరికి ఎంతవరకు అన్న మసలా ఆలిం సాహెబుగారిని అడగండి, నేను చెప్పేవాణ్ణి కాను. నేను చెప్పేది మోకాలి సంగతి మాత్రమే. రోజుకు అయిదు పూటల ఫర్జ్ నమాజులోనే 17 రకాతులు, 34 సజ్దాలు. లేవడం, వంగడం, కూర్చోవడం, మళ్ళీ లేవడం. ఎక్కడా ఒకే భంగిమలో గంటలకొద్దీ ఉండడం లేదు. ఆరోగ్యంగా ఉన్న మోకాలికి ఈ కదలిక వల్ల నష్టమేమీ లేదు. మొదటి నొప్పికే కుర్చీ ఎక్కి, అక్కడినుంచి మంచం ఎక్కే దారి మా ఇంట్లో చూశాను గనుక చెబుతున్నాను. కొందరు నిలబడడం, రుకూ చేయగలరు, సజ్దా ఒక్కటే చేయలేరు. అటువంటివారు చేయగలిగినంత చేయడం గురించి డాక్టరునూ, ఇమాం సాహెబునూ ఇద్దరినీ అడగడం మంచిది. నిజంగా అవసరమైనవారిని కుర్చీలో చూసి వెటకారం చేయడం మాత్రం ఎవరికీ తగదు. మా అమ్మీ ఇప్పటికీ సజ్దాకు కుర్చీయే వాడుతుంది. ఖియాం మాత్రం నిలబడే చేస్తుంది, పక్కన గోడ ఉంటే చాలు.

రేపటినుంచి అసర్ తరువాత కాలువ గట్టుమీద నడకకు నేనూ, మరో నలుగురం వెళ్ళాలనుకుంటున్నాం. కుర్చీ వరసలోనివారు ఎవరైనా వస్తే వారి నడకకు తగ్గట్టే మేమూ నడుస్తాం, లాకుల దగ్గర టీ ఖర్చు నాది.